శస్త్రచికిత్స తరువాత కాళ్లలో రక్తపు గడ్డలు: నివారణలో ఇంటివారి పాత్ర

శస్త్రచికిత్స సవ్యంగా జరిగి, కుట్లు మానుతూ, రోగి క్షేమంగా ఇంటికి చేరిన తరువాత కూడా ఒక అపాయం పొంచి ఉంటుంది. కాలి లోపలి సిరలలో రక్తం గడ్డకట్టడమే ఆ అపాయం. వైద్యులు దీనిని ‘డీప్ వీన్ థ్రాంబోసిస్’ అని, క్లుప్తంగా ‘డి.వి.టి.’ అని అంటారు. గడ్డ ఏర్పడిన చోటనే ఉండిపోతే కాలు వాచి నొప్పి పెడుతుంది. దానిలో ఒక ముక్క విడివడి, రక్తంతోపాటు పైకి పోయి ఊపిరితిత్తుల రక్తనాళంలో అడ్డుపడితే దానిని ‘పల్మనరీ ఎంబోలిజం’ అంటారు. ఆ ముక్క పెద్దదైతే కొద్ది నిమిషాలలోనే ప్రాణం పోవచ్చు.

ఇంత తీవ్రమైన అపాయమైనా ఇది చాలావరకు నివారింపదగినది. నివారణకు కావలసిన పనులలో కొన్ని వైద్యుని చేతిలో ఉంటే, మిగిలినవి ఇంటివారి చేతిలో ఉన్నాయి. రక్తం గడ్డకట్టే ముప్పు శస్త్రచికిత్స జరిగిన తొలి వారాలలో అధికంగా ఉండి, పెద్ద శస్త్రచికిత్సల విషయంలో సుమారు 12 వారాల వరకు మామూలు కన్నా హెచ్చుగానే కొనసాగుతుంది. అందులో రోగి ఆసుపత్రిలో గడిపేది కొద్ది రోజులే. తక్కిన కాలమంతా కనిపెట్టుకొని ఉండవలసినవారు భార్య, భర్త, కోడలు, కొడుకు, తల్లి వంటివారే.

తెలుగు కుటుంబాలలో రోగికి చేసే సేవకు లోటు ఉండదు. మంచం దిగనివ్వరు; పథ్యం తప్పనివ్వరు; కాళ్లు లాగుతున్నాయంటే నూనె రాస్తారు; కాస్త కోలుకోగానే గాలి మార్పుకు సొంత ఊరికి తీసుకుపోతారు. ఇవన్నీ ప్రేమతో చేసే పనులే. అయితే రక్తపు గడ్డల విషయంలో మాత్రం వీటిలో కొన్ని మేలుకు బదులు కీడు చేస్తాయి. ఏ అలవాటును ఎందుకు మార్చుకోవాలో వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

గడ్డ ఎందుకు కడుతుంది?

గుండె నుంచి కాళ్లకు రక్తం ధమనుల ద్వారా వేగంగా దిగుతుంది. తిరిగి పైకి ఎక్కవలసినప్పుడు ఆ వేగం ఉండదు. సిరలలో రక్తాన్ని పైకి నెట్టేది ముఖ్యంగా పిక్క కండరం. మనిషి అడుగు వేసినప్పుడల్లా పిక్క బిగుసుకొని, తన మధ్య నుంచి పోయే లోపలి సిరలను పిండుతుంది. సిరల లోపల ఉండే చిన్న కవాటాలు పైకి పోయిన రక్తాన్ని మళ్లీ కిందికి జారనివ్వవు. బావి నుంచి నీరు తోడే చేతిపంపు వంటిదే ఈ ఏర్పాటు. పంపు ఆడినంతసేపు నీరు కదులుతుంది, ఆగితే నిలిచిపోతుంది.

19వ శతాబ్దానికి చెందిన జర్మన్ వైద్యుడు రుడోల్ఫ్ విర్కో, ఊపిరితిత్తులలో కనిపించే గడ్డలు అక్కడ పుట్టినవి కావని, దూరంగా ఉన్న సిరల నుంచి కొట్టుకువచ్చినవని నిరూపించాడు. గడ్డ కట్టడానికి దోహదం చేసే మూడు పరిస్థితులను నేటికీ ఆయన పేరుతోనే చెప్పుకుంటారు. మొదటిది రక్తం కదలకుండా నిలిచిపోవడం. రెండవది రక్తనాళపు గోడ దెబ్బతినడం. మూడవది రక్తానికి గడ్డకట్టే స్వభావం పెరగడం.

శస్త్రచికిత్సలో ఈ మూడూ ఒకేసారి కలుస్తాయి. మత్తులో ఉన్నంతసేపు, ఆ తరువాత మంచం మీద ఉన్నంతసేపు పిక్క పని చేయదు. కోత వల్ల, ముఖ్యంగా తుంటి, మోకాలు, పొత్తికడుపు ప్రాంతాలలో, సిరలకు ఒత్తిడి, గాయం కలుగుతాయి. గాయం నుంచి రక్తం కారిపోకుండా ఆపడానికి శరీరమే రక్తాన్ని మామూలు కన్నా త్వరగా గడ్డకట్టేటట్లు మార్చుకుంటుంది. ఇది శరీరం ఆత్మరక్షణకు చేసుకునే ఏర్పాటే అయినా, కదలని కాలిలో అదే అపాయకరంగా మారుతుంది.

ముప్పు ఎవరికి ఎక్కువ?

అన్ని శస్త్రచికిత్సలకూ ముప్పు ఒకే విధంగా ఉండదు. కంటిశుక్లం తీయడం వంటి చిన్న చికిత్స చేయించుకొని అదే రోజు నడిచి ఇంటికి వెళ్లేవారికి భయం చాలా తక్కువ. తుంటి ఎముక విరిగినందుకు చేసే శస్త్రచికిత్స, తుంటి లేదా మోకాలి కీలు మార్పిడి, పొట్టలోను పొత్తికడుపులోను క్యాన్సర్ గడ్డను తొలగించే పెద్ద శస్త్రచికిత్స, చాలాసేపు పూర్తి మత్తులో ఉంచి చేసే ఇతర శస్త్రచికిత్సలు ఎక్కువ ముప్పు కలిగించేవి. గర్భసంచి తొలగించడం, కడుపు కోసి కాన్పు చేయడం కూడా జాగ్రత్త అవసరమైనవే.

శస్త్రచికిత్స ఏదైనప్పటికీ కొందరికి అదనపు ముప్పు ఉంటుంది. వయసు మళ్లినవారు, స్థూలకాయులు, గతంలో ఒకసారి గడ్డ కట్టినవారు, తల్లిదండ్రులలో గాని తోబుట్టువులలో గాని ఎవరికైనా అలా జరిగినవారు, క్యాన్సర్ ఉన్నవారు, కాళ్లలో నరాలు ఉబ్బి మెలికలు తిరిగినవారు, గర్భిణులు, బాలింతలు, గర్భనిరోధక మాత్రలు వాడేవారు, పొగ తాగేవారు ఈ కోవలోకి వస్తారు. ఇటువంటి విషయాలు వైద్యుడు అడిగినా అడగకపోయినా ముందుగానే చెప్పాలి. గర్భనిరోధక మాత్రలలో కొన్ని రకాలను ముందే నిర్ణయించిన శస్త్రచికిత్సకు సుమారు 4 వారాల ముందు ఆపమని వైద్యుడు సూచించవచ్చు. ఆపాలో వద్దో నిర్ణయించవలసినది వైద్యుడే. ఆపినప్పుడు గర్భం రాకుండా వేరే జాగ్రత్త తీసుకోవాలి.

ఈ జబ్బు పాశ్చాత్యులకే ఎక్కువని, ఆసియా వాసులలో అరుదని ఒక అభిప్రాయం చాలాకాలం వ్యాపించి ఉండేది. ఆ ధీమా సరికాదని తరువాతి అనుభవం తెలిపింది. భారతీయ రోగులకు కూడా ముప్పును అంచనా వేసి నివారణ చర్యలు తీసుకోవడం నేటి వైద్య పద్ధతి.

విశ్రాంతి వేరు, మంచం పట్టడం వేరు

శస్త్రచికిత్స జరిగినవారిని వారాల తరబడి మంచానికే పరిమితం చేయడం ఒకప్పుడు వైద్యులు కూడా పాటించిన పద్ధతే. 1940వ దశకంలో ఈ ఆలోచన మారింది. 1947లో రిచర్డ్ ఆషర్ అనే బ్రిటిష్ వైద్యుడు, మంచం పట్టడం వల్ల కలిగే అపాయాలను వివరిస్తూ ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. కాళ్లలో రక్తం గడ్డకట్టడం ఆయన పేర్కొన్న అపాయాలలో ఒకటి. ఈనాడు అనేక శస్త్రచికిత్సల తరువాత అదే రోజు గాని, మరునాడు గాని రోగిని లేపి నడిపించడానికి కారణం ఇదే. నర్సు వచ్చి లేవమన్నప్పుడు ఇంటివారు అడ్డుపడడం, “ఇంకా పచ్చి గాయం, రేపు చూద్దాం” అని వాయిదా వేయించడం తగదు.

కుట్లు తెగిపోతాయేమోనన్న భయం సహజమే. నెమ్మదిగా, వైద్యుడు అనుమతించిన మేరకు నడిచినందువల్ల కుట్లు తెగవు. బరువులు ఎత్తడం, ముక్కడం, గట్టిగా వంగడం కుట్లకు చేటు చేసే పనులు. నడక ఆ జాబితాలోనిది కాదు. దగ్గు వచ్చినప్పుడు పొట్ట మీద చిన్న దిండు అదిమి పట్టుకుంటే నొప్పి తగ్గుతుంది. నొప్పి వల్ల నడవలేకపోతే, వైద్యుడు రాసిన నొప్పిమాత్ర వేసుకొని కొంతసేపటి తరువాత నడవడం మంచిది. నొప్పిని ఓర్చుకుంటూ కదలకుండా పడుకోవడం కన్నా అది ఎంతో మేలు.

ఇంట్లో పాటించవలసిన క్రమం కష్టమైనది కాదు. మెలకువగా ఉన్నప్పుడు గంటకు ఒకసారి పాదాలను చీలమండ దగ్గర వంచి, వేళ్లను ముఖం వైపు లాగి, మళ్లీ కిందికి నొక్కాలి. రెండు కాళ్లకు ఇలా 10 సార్లు చేయాలి. తరువాత పాదాన్ని గుండ్రంగా తిప్పాలి. మంచం మీద పడుకొని కూడా దీనిని చేయవచ్చు. పగటిపూట కొద్ది గంటలకు ఒకసారి లేచి ఇంట్లోనే అటూ ఇటూ నడవాలి. ఒక గది ఉన్న ఇల్లైనా గోడ నుంచి గోడకు పది పన్నెండు సార్లు తిరగవచ్చు. మొదటి రోజులలో తల తిరిగే అవకాశం ఉన్నందున పక్కన ఒకరు చేయి అందించి నడవాలి. దినదినానికి నడక కాస్త పెంచుకుంటూ పోవాలి.

పడుకున్నప్పుడు మోకాలి కింద మాత్రమే దిండు పెట్టి కాలు వంచి ఉంచడం, కాలు మీద కాలు వేసుకొని గంటల తరబడి ఉండడం రక్తప్రసరణకు అడ్డుకట్ట వేస్తాయి. కాలు ఎత్తుగా ఉంచవలసి వస్తే పిక్క, మడమ కూడా ఆనేటట్లు అమర్చుకోవాలి.

సోలాపూర్ తెలుగువారి ఇళ్లలో బీడీలు చుట్టడం తరతరాలుగా ఆడవారికి జీవనాధారం. చేటను ఒడిలో పెట్టుకొని, కాళ్లు ముడుచుకొని, ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒకే చోట కూర్చోవడం ఆ పనిలో అలవాటు. గర్భసంచి తీయించుకున్నవారు గాని, కాన్పు శస్త్రచికిత్స జరిగినవారు గాని పది పన్నెండు రోజులకే చేట అందుకొంటే, “బరువు పని కాదుగదా, కూర్చొని చేసేదే” అని ఇంటివారు ఊరుకుంటారు. నిజానికి ఈ అపాయం దృష్ట్యా బరువు ఎత్తడమెంత తగనిదో, కదలక కూర్చోవడమూ అంత తగనిది. వైద్యుని అనుమతి లేకుండా పనికి దిగరాదు. అనుమతి దొరికిన తరువాత కూడా నేల మీద కాళ్లు ముడుచుకోకుండా ఎత్తుపీట మీద కూర్చోవడం, అరగంటకు ఒకసారి లేచి నాలుగు అడుగులు వేయడం అలవరచుకోవాలి.

నీరు, పథ్యం, బాలింతలు

ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది. అది గడ్డకట్టడానికి అనుకూలమైన స్థితి. పొట్ట శస్త్రచికిత్స తరువాత నోటి ద్వారా ఎప్పుడు తాగవచ్చో వైద్యుడు చెబుతాడు. అనుమతి దొరికిన తరువాత మాత్రం నీరు, మజ్జిగ, గంజి వంటివి రోజంతా కొద్దికొద్దిగా తీసుకుంటూ ఉండాలి. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎంత తాగాలో వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

బాలింతలకు నీరు తక్కువగా ఇవ్వాలన్న ఆచారం కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. నీరు తాగితే పొట్ట పెరుగుతుందని, కుట్లు చీము పడతాయని పెద్దలు అంటారు. ఈ నమ్మకానికి ఆధారం లేదు. పాలిచ్చే తల్లికి నీటి అవసరం మరింత ఎక్కువ. పైగా గర్భధారణ కాలంలోను, కాన్పు తరువాత సుమారు 6 వారాల వరకును స్త్రీ రక్తానికి గడ్డకట్టే గుణం సహజంగానే పెరిగి ఉంటుంది. కడుపు కోసి కాన్పు చేస్తే ముప్పు ఇంకా హెచ్చుతుంది. అటువంటి సమయంలో నీరు తగ్గించి, చెవులకు గుడ్డ కట్టి, చీకటి గదిలో మంచం మీదనే ఉంచడం ఆమెను అపాయానికి చేరువ చేయడమే. వెచ్చగా ఉంచడం, మంచి ఆహారం పెట్టడం, బరువు పనులు చేయనివ్వకపోవడం వంటి మంచి ఆచారాలను నిలుపుకొని, నీరు మాన్పించడం, నడక మాన్పించడం అనే రెండింటిని మాత్రం విడనాడాలి. ఇంటి పెద్దావిడకు ఈ సంగతి కోడలి చేత చెప్పించడం కన్నా, ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడే నర్సు చేత గాని డాక్టరమ్మ చేత గాని చెప్పించడం ఎక్కువ ఫలితమిస్తుంది.

ఇంజెక్షన్లు, మాత్రలు: మధ్యలో ఆపరాదు

ముప్పు ఎక్కువగా ఉన్నవారికి రక్తం గడ్డకట్టే వేగాన్ని తగ్గించే మందులు ఇస్తారు. వాటిలో పేరుమోసినది హెపారిన్. దీని ప్రయోజనాన్ని స్థిరపరచిన పరీక్షలలో ముఖ్యమైనదానికి నాయకత్వం వహించినవాడు లండన్‌లో పనిచేసిన భారత సంతతి శస్త్రవైద్యుడు విజయ్ కక్కర్. పలు దేశాల ఆసుపత్రులలో పెద్ద శస్త్రచికిత్స చేయించుకున్న, 40 ఏళ్లు దాటిన 4,121 మందిని ఆ పరీక్షలో పరిశీలించారు. కొద్ది మోతాదులో హెపారిన్ పొందినవారు 2,045 మంది. పొందనివారు 2,076 మంది. ఊపిరితిత్తులకు గడ్డ చేరి మరణించినవారు మందు పొందనివారిలో 16 మంది ఉండగా, మందు పొందినవారిలో ఇద్దరే. 1975లో ‘లాన్సెట్’ పత్రికలో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

నేడు ఎక్కువగా వాడేది హెపారిన్ నుంచి తయారైన ఎనాక్సాపారిన్ అనే ఇంజెక్షన్. కీళ్ల మార్పిడి తరువాత రివరాక్సబాన్, అపిక్సబాన్ వంటి మాత్రలు గాని, కొందరికి ఆస్పిరిన్ గాని రాస్తారు. ఏది, ఎంత, ఎన్ని రోజులు అన్నది రోగిని బట్టి మారుతుంది. తుంటి కీలు మార్పిడి తరువాత 35 రోజుల వరకు, పొట్ట లేదా పొత్తికడుపు క్యాన్సర్ శస్త్రచికిత్స తరువాత సుమారు 4 వారాల వరకు మందు కొనసాగించడం వాడుకలో ఉన్న పద్ధతి. అంటే ఇంటికి వచ్చిన తరువాత కూడా చాలా రోజులు మందు వాడవలసి ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. నొప్పి తగ్గింది, మనిషి లేచి తిరుగుతున్నాడు, ఇక ఇంజెక్షన్ ఎందుకని ఆపివేస్తారు. ఇది నొప్పి తగ్గించే మందు కాదు. గాయం మాన్పే మందు కూడా కాదు. ఒంట్లో ఏ బాధా లేనప్పుడే తన పని చేసే మందు ఇది. బాగున్నామన్న భావన దీనిని ఆపడానికి కారణం కారాదు. ఖర్చు భారమైతే ఆ సంగతి మొహమాటం లేకుండా వైద్యునికి చెప్పాలి. ఎనాక్సాపారిన్ ప్రభుత్వం ప్రకటించిన అత్యావశ్యక మందుల జాతీయ జాబితాలో ఉంది. వేరే కంపెనీ మందుగాని, చవకైన మాత్రగాని రోగికి సరిపోతుందేమో వైద్యుడు చూడగలడు. చెప్పకుండా మానివేస్తే ఆయనకు ఆ అవకాశమే ఉండదు.

ఈ ఇంజెక్షన్‌ను ఇంటిలో ఒకరు నేర్చుకొని ఇవ్వవచ్చు. డిశ్చార్జికి ముందు నర్సు ఎదుట ఒకసారి చేసి చూపడం మంచిది. బొడ్డుకు కనీసం రెండు అంగుళాల దూరంలో, కోతకు దూరంగా, పొట్ట చర్మాన్ని రెండు వేళ్లతో మడతపెట్టి పట్టుకొని సూదిని నిటారుగా గుచ్చాలి. మందు నింపి వచ్చే సిరంజిలో కనిపించే చిన్న గాలి బుడగను బయటకు నెట్టరాదు. మందు ఎక్కించిన తరువాత ఆ చోట రుద్దరాదు, రుద్దితే కమిలిపోతుంది. ఒకరోజు కుడివైపు ఇస్తే మరునాడు ఎడమవైపు ఇవ్వాలి. వాడిన సూదిని చెత్తబుట్టలో వేయక, గట్టి డబ్బాలో మూతపెట్టి ఉంచి, ఆసుపత్రిలో అప్పగించాలి. ఇంటి చెత్తలో పడిన సూది మొదట గుచ్చుకొనేది పారిశుద్ధ్య కార్మికుని చేతికే.

మందు వాడేటప్పుడు రక్తస్రావం మీద కన్ను వేసి ఉండాలి. చిగుళ్ల నుంచి గాని ముక్కు నుంచి గాని ఆగకుండా రక్తం రావడం, మూత్రం ఎర్రగా రావడం, మలం తారులా నల్లగా ఉండడం, కోత నుంచి రక్తం కారడం, తలకు దెబ్బ తగలడం వంటివి జరిగితే వెంటనే వైద్యుని చూడాలి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొనే నొప్పిమాత్రలలో కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి. అందుచేత ఏ మాత్రనైనా, నాటు మందునైనా వైద్యునికి చెప్పకుండా కలిపి వాడరాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఆ సంగతిని తప్పక ముందే తెలపాలి. వారికి మోతాదు మార్చవలసి రావచ్చు.

మరొక సంగతి. హెపారిన్, ఎనాక్సాపారిన్ మందులు సాధారణంగా పంది పేగుల నుంచి తీసిన పదార్థంతో తయారవుతాయి. మత విశ్వాసం వల్ల గాని, శాకాహార నియమం వల్ల గాని దీనిని ఇష్టపడనివారు మౌనంగా మందు మానివేయకుండా వైద్యునితో మాట్లాడాలి. జంతువుల నుంచి తీయక రసాయనికంగా తయారుచేసే మందులు కూడా ఉన్నాయి. అవి రోగికి తగినవో కావో ఆయన నిర్ణయిస్తాడు.

బిగుతు మేజోళ్లు

కొందరికి ఆసుపత్రిలో కాళ్లకు బిగుతు మేజోళ్లు తొడుగుతారు. మరికొందరికి గాలి నిండుతూ ఖాళీ అవుతూ పిక్కను పిండే యంత్రపు పట్టీలు కడతారు. మేజోళ్లు చీలమండ దగ్గర ఎక్కువ బిగుతుగా, పైకి పోయేకొద్దీ వదులుగా ఉండేటట్లు తయారవుతాయి. కాలి కొలత తీసుకొని సరిపోయే పరిమాణమే కొనాలి. ముడతలు పడినా, పై అంచు కిందికి చుట్టుకున్నా అది తాడులా బిగిసి రక్తాన్ని ఆపివేస్తుంది. రోజుకు ఒకసారి విప్పి, కాలు కడిగి, చర్మం కమిలిందేమో, పుండు పడిందేమో చూడాలి. మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారు, కాలి ధమనులలో అడ్డంకి ఉన్నవారు వైద్యుడు చెప్పనిదే వీటిని వాడరాదు. ఇంట్లో ఉన్న సాగే కట్టును తోచినట్లు చుట్టడం వీటికి ప్రత్యామ్నాయం కాదు.

ఊరి ప్రయాణం

వలస వచ్చిన కుటుంబాలకు శస్త్రచికిత్స అనగానే సొంత ఊరు గుర్తుకు వస్తుంది. ఇక్కడి ఇరుకు ఇంటిలో కన్నా కరీంనగర్, నల్లగొండ, పాలమూరు వైపు ఉన్న ఇంటిలో చూసుకొనేవారు ఎక్కువ మంది ఉంటారు. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన పరిశోధన ప్రకారం, 4 గంటలు లేక అంతకు మించి కదలక కూర్చొని చేసే ప్రయాణం సిరలలో గడ్డ కట్టే ముప్పును సుమారు రెట్టింపు చేస్తుంది. ఇది విమానానికే కాదు. బస్సు, రైలు, కారు ప్రయాణాలకు కూడా వర్తిస్తుంది. ఆరోగ్యవంతులకు ఆ ముప్పు మొదటే చాలా తక్కువ కనుక రెట్టింపైనా భయపడనక్కరలేదు. కొత్తగా శస్త్రచికిత్స జరిగినవారి విషయం వేరు. వారికి ముప్పు ముందే పెరిగి ఉంటుంది.

సోలాపూర్ నుంచి హైదరాబాదుకే 4 గంటలకు మించిన ప్రయాణం. అక్కడి నుంచి ఊరికి మరికొన్ని గంటలు. కాబట్టి ఎప్పుడు బయలుదేరవచ్చో డిశ్చార్జి నాడే వైద్యుని అడగాలి. వీలైనంతవరకు తొలి వారాలలో ఊరికి పోవడం మాని, ఊరి నుంచే ఒకరిని ఇక్కడికి పిలిపించుకోవడం మేలు. తప్పనిసరిగా వెళ్లవలసి వస్తే రాత్రి బస్సు కన్నా లేచి నడవడానికి వీలున్న రైలు మంచిది. మూత్రానికి లేవవలసి వస్తుందని నీరు మానుకోరాదు. గంటకు ఒకసారి పాదాల వ్యాయామం చేయాలి. రోజువారీ ఇంజెక్షన్లను, డిశ్చార్జి కాగితాన్ని చేతిసంచిలో వెంట ఉంచుకోవాలి. ఊరిలో మందు ఎవరు ఇస్తారో, అవసరమైతే ఏ ఆసుపత్రికి వెళ్లాలో బయలుదేరక ముందే తేల్చుకోవాలి.

అపాయ సూచనలు

ఎంత జాగ్రత్త పడినా కొందరికి గడ్డ కట్టవచ్చు. దానిని వెంటనే గుర్తిస్తే చికిత్స ఉంది. శస్త్రచికిత్స తరువాత రెండు పాదాలూ కాస్త నీరు పట్టడం కొందరిలో కనిపిస్తుంది. ఒక్క కాలు మాత్రమే వాచడం, ఒక పిక్క మరొకదాని కన్నా లావుగా, వేడిగా, నొప్పిగా ఉండడం అనుమానించదగిన సూచన. చామనఛాయ, నలుపు చర్మాల మీద ఎర్రదనం స్పష్టంగా కనిపించకపోవచ్చు. అందువల్ల రెండు కాళ్లనూ పక్కపక్కన పెట్టి చూడాలి, చేతితో తాకి వేడిని పోల్చాలి. ఏ సూచనా లేకుండానే గడ్డ ఉండే అవకాశం కూడా ఉన్నందువల్ల నివారణకు అంత ప్రాముఖ్యం ఏర్పడింది.

ఇటువంటి కాలికి నూనె రాసి మర్దన చేయడం, పిసకడం, కాపడం పెట్టి రుద్దడం ఎంతమాత్రం చేయరాదు. లోపలి గడ్డ కదిలి పైకి పోయే ప్రమాదం ఉంది. నొప్పి లాగుడు వల్లనో, వాతం వల్లనో అని ఇంటిలో తీర్మానించకుండా అదే రోజు ఆసుపత్రిలో చూపాలి. అక్కడ నొప్పి కలిగించని డాప్లర్ స్కాన్ ద్వారా గడ్డ ఉన్నదీ లేనిదీ తెలుసుకుంటారు.

అకస్మాత్తుగా ఆయాసం రావడం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్లు నొప్పి పుట్టడం, దగ్గితే రక్తం పడడం, గుండె దడ, స్పృహ తప్పడం అన్నవి గడ్డ ఊపిరితిత్తులకు చేరిందనడానికి సూచనలు. అప్పుడు క్షణం ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయాలి. గ్యాస్ అనుకొని సోడా తాగించడం, తెల్లవారనిమ్మని ఆగడం ప్రాణాంతకం కావచ్చు.

అత్యవసర విభాగంలో మొట్టమొదట చెప్పవలసిన మాట, ఈ మధ్యనే శస్త్రచికిత్స జరిగిందన్నది. ఆ ఒక్క మాట వైద్యుని ఆలోచనను సరైన దారిలో పెడుతుంది. మరాఠీ రాక తడబడేవారి కోసం అవసరమైన వాక్యాలు ఇక్కడ ఇవ్వబడినవి.

పది రోజుల కిందట ఆపరేషన్ జరిగింది: “దహా దివసాంపూర్వీ ఆపరేషన్ ఝాలే ఆహే.”

ఒక కాలు వాచింది: “ఏకా పాయాలా సూజ్ ఆలీ ఆహే.”

ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉంది: “శ్వాస్ ఘ్యాయలా త్రాస్ హోతోయ్.”

ఛాతీలో నొప్పిగా ఉంది: “ఛాతీత్ దుఖత్ ఆహే.”

రక్తం పలచన చేసే మందు వాడుతున్నారు: “రక్త పాతళ్ కరణారే ఔషధ్ చాలూ ఆహే.”

డిశ్చార్జి నాడు అడగవలసిన ప్రశ్నలు

డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. బిల్లు కట్టి, ఆటో మాట్లాడుకొనే తొందరలో దానిని మడిచి సంచిలో పెట్టుకోవడం పరిపాటి. బయలుదేరే ముందు కింది ప్రశ్నలకు జవాబులు తెలుసుకొని, కాగితం వెనుక తెలుగులో రాసుకోవాలి.

1. ఈ రోగికి రక్తం గడ్డకట్టే ముప్పు ఎంత ఉంది? దానికి మందు రాశారా?

2. ఆ మందు పేరేమిటి? రోజుకు ఎన్నిసార్లు? చివరి రోజు ఏ తేదీ?

3. రోజుకు ఎంత నడవాలి? ఏ పనులు చేయరాదు? మెట్లు ఎక్కవచ్చునా?

4. బిగుతు మేజోళ్లు అవసరమా? ఎన్నాళ్లు?

5. ఊరి ప్రయాణం ఎప్పుడు చేయవచ్చు?

6. రాత్రివేళ కష్టం వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి?

రెండవ ప్రశ్నకు వచ్చిన తేదీని గోడ క్యాలెండరులో గుర్తు పెట్టుకొని, మందు ఇచ్చిన ప్రతిరోజూ ఒక గీత గీయాలి. ఇంటిలో ఎవరు మందు ఇచ్చినా, ఎవరు నడిపించినా లెక్క తప్పదు.

పాఠ సారాంశం

కదలని కాలిలో రక్తం నిలుస్తుంది. నిలిచిన రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. త్వరగా లేపి నడిపించడం, నీరు తగినంత ఇవ్వడం, రాసిన మందును చివరి తేదీ వరకు వాడడం, దూర ప్రయాణం వాయిదా వేయడం, ఒక్క కాలు వాచినా ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి చేర్చడం అనే ఐదింటిలో ఏదీ పెద్ద చదువు కోరేది కాదు. రోగిని మంచం మీద ఉంచి అన్నీ అందించేవారి కన్నా, ఉదయం సాయంత్రం చేయి పట్టుకొని పది అడుగులు వేయించేవారే ఎక్కువ సేవ చేసినవారవుతారు.